1971లో కాజీపేట మీదుగా వెళ్లిన యుద్ధ ట్యాంకుల రైళ్ల గురించి తెలిసినవారు చెప్పగలరా?

కాజీపేట జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా (రైలు ఏ లైనులోకి వెళ్లాలో పట్టాలు మార్చే ఉద్యోగిగా) పనిచేసిన మా తాతగారు, 1971 డిసెంబరు యుద్ధానికి ముందు టార్పాలిన్ కప్పిన ట్యాంకుల రైళ్లు రాత్రివేళ బల్లార్షా వైపు వెళ్లేవని, రైలు ఆగినప్పుడల్లా ట్యాంకు పట్టాల కింద బిగించిన కట్టె దిమ్మెలు జరిగాయేమోనని జవాన్లు లాంతరు వెలుగులో తడిమి చూసేవారని చెప్పేవారు. ఆనాడు మన సైన్యం వాడిన విజయంత ట్యాంకులు మద్రాసు దగ్గరి ఆవడిలో తయారయ్యేవి కనుక, ఇవీ అక్కడినుండే వచ్చి ఉంటాయని నా ఊహ. దాదాపు 39 టన్నుల బరువున్న ట్యాంకును క్రేన్ లేకుండా, చివరి వ్యాగన్ వెనుక ర్యాంపు పెట్టి, ఒక వ్యాగన్ మీదినుండి మరొకదానిపైకి నడిపించేవారా? ట్యాంకు వెడల్పు వల్ల పక్క లైనులోని రైళ్లను ఆపవలసి వచ్చేదా? సిబ్బంది అదే రైలులో ప్రయాణించేవారా? తాతగారి జ్ఞాపకాలను తప్పులు లేకుండా రాసిపెట్టాలని నా తపన. ఆనాటి రైల్వే, సైనిక ఉద్యోగులు గానీ వారి పిల్లలు గానీ దయచేసి తెలియజేయగలరు.