మడత కత్తి లాక్: గట్టిదా, నమ్మదగిందా?

చాకుపిడి: జేబులో పెట్టుకునే మడత కత్తి కోసం చూస్తున్నాను. అట్టపెట్టెలు, తాళ్లు, ఎప్పుడైనా పుల్లలు చెక్కడం, అంతే పని. లైనర్ లాక్, ఫ్రేమ్ లాక్, బ్యాక్ లాక్, క్రాస్‌బార్... తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే ఈ లాకుల్లో ఏది గట్టిది? చేతిలోకి తీసుకున్నాక ఏం చూసుకోవాలి?

ఇత్తడి_వాషర్: ఈ పనికి అన్నీ చాలినంత గట్టివేనండి. లాక్ విరగడం అరుదు, జారడమే ఎక్కువ. లైనర్ (పిడి లోపల పక్కకు వచ్చి బ్లేడు మొదలును ఆపే రేకు) జారితే అందరూ రేకు పల్చనని తిడతారు గానీ, చాలాసార్లు తప్పు కోణానిది. బ్లేడు మొదట్లో లైనర్ ఆనే ముఖం కాస్త ఏటవాలుగా, దాదాపు 7 నుంచి 9 డిగ్రీలు ఉంటుంది. వాలు ఎక్కువైతే ఒత్తిడి పడగానే లైనర్ పక్కకు జారిపోతుంది. తక్కువైతే అతుక్కుపోయి, మూయడానికి గోరు నొప్పెడుతుంది.

తెరిచి లోపలికి చూడండి. కొత్త కత్తిలో బ్లేడు మందంలో 30–50 శాతం మేర లైనర్ ఆనాలి. అంచున మాత్రమే తగిలితే వదిలేయండి. అవతలి చివరిదాకా వెళ్లిపోయిందంటే ఇక అరుగుదలకు చోటు లేనట్టే. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి విసురుగా, ఇలా పదిసార్లు తెరవండి. ప్రతిసారీ ఒకేచోట ఆగాలి.

నూనెచుక్క: బ్లేడు మొద్దు వైపును బల్లకేసి కొట్టి చూడటమే అసలు పరీక్ష కదా?

ఇత్తడి_వాషర్: కాదు. గట్టిగా కొడితే మంచి లాక్ ముఖం కూడా నొక్కుకుపోతుంది, ఆ తర్వాత వచ్చే లూజు మీరు తెచ్చుకున్నదే. పదునుకు మందపాటి గుడ్డ చుట్టి, బ్లేడు మడిచే దారిలో వేళ్లు లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకోండి. మొద్దు వైపును చెక్క అంచుకు ఆనించి మెల్లగా బలం పెంచండి. కోణం తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది.

గాడి_నలుసు: సగమే ఒప్పుకుంటాను. కొన్ని లైనర్లు నిదానంగా ఒత్తితే నిలబడి, చిన్న కుదుపుకు వదిలేస్తాయి. చెక్క మీద రెండు మూడు తేలికపాటి తట్లు తట్టడంలో తప్పులేదు. సుత్తిలా వాడొద్దు, అంతే.

ఇక బ్యాక్ లాక్, అంటే పిడి వీపున ఉన్న మీట బ్లేడు గాడిలోకి దిగి ఆపేది. 1960ల్లో బక్ 110 అనే మడత కత్తితో బాగా పేరొచ్చిన పాత పద్ధతి, ఇప్పటికీ దిట్టమైనదే. దీని శత్రువు జేబు నూగు. గాడిలో నూగు పేరుకుంటే పైనున్న మీట పూర్తిగా దిగదు. మీట వీపు పిడితో సమంగా ఉందా, పైకి లేచి ఉందా అని వేలితో తడిమితే చాలు. పంటిపుల్లతో గాడి గీకి శుభ్రం చేయండి. బ్లేడు పైకీ కిందికీ వెంట్రుకవాసి ఆడటం ఈ రకంలో మామూలే. కోల్డ్ స్టీల్ కంపెనీ వాళ్ల ట్రై-యాడ్ అనే బ్యాక్ లాక్ రకంలో బ్లేడుకూ మీటకూ మధ్య ఒక ఆపుడు పిన్ను ఉంటుంది. తోపు దాని మీదుగా పిడికి పోతుంది, మీట ఇరుసు మీద పడదు. నాలుగు రకాల్లో ఒత్తిడికి ఎక్కువ ఓర్చుకునేది ఏదంటే నా ఓటు దానికే.

టైటానియం: ఫ్రేమ్ లాక్‌లో పిడి పక్కభాగమే లాక్ కాబట్టి, పట్టు బిగిసేకొద్దీ లాక్ బిగుస్తుంది. కానీ వంగడం కోసం ఆ పట్టీని ఒకచోట పల్చగా చెక్కుతారు. బ్లేడు మూయడానికి లాక్ వదిలించేటప్పుడు బయటకు ఎక్కువ లాగితే అక్కడే సాగి పట్టు తగ్గుతుంది. పట్టీ మరీ బయటకు రాకుండా ఆపే బిళ్ల ఉందో లేదో చూడండి. టైటానియం నేరుగా ఉక్కుకు రాసుకుంటే అంటుకుపోయే గుణం ఉంది, అందుకే కొసన ఉక్కు ముక్క బిగించినవి మేలు. అది లేనిదానికి పెన్సిల్ ముక్కు రుద్దితే కొన్నాళ్లు సాఫీగా వస్తుంది.

చాకుపిడి: మరి క్రాస్‌బార్? ఒకటి చూశాను, బ్లేడు పక్కలకు కాస్త ఊగుతోంది.

నూనెచుక్క: పక్కలకు ఊగితే ముందు పివట్‌ను, అంటే బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూను అనుమానించండి. పైకీ కిందికీ ఊగితే లాక్‌ను. చాలా కత్తుల పివట్‌కు టి8 (నక్షత్రం ఆకారం కొస ఉన్న) బిట్ సరిపోతుంది. బిట్ నిటారుగా నొక్కి, ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే బిగించండి. ఊగుడు పోయి బ్లేడు ఇంకా సులువుగా తిరిగేచోట ఆపాలి. అలా నిలవకుండా మళ్లీ వదులైతే ఆ స్క్రూకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క రాసి 24 గంటలు వదిలేయండి. ఎర్రది వద్దు, విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. చుక్క వాషర్ల మీదికి పాకిందంటే బ్లేడు కదలదు.

గాడి_నలుసు: క్రాస్‌బార్ అంటే బ్లేడు మొదట్లో అడ్డంగా పడి ఆపే కడ్డీ. దాన్ని రెండు సన్నటి స్ప్రింగ్‌లు ముందుకు తోస్తాయి. ఒకటి విరిగినా లాక్ పడుతుంది, అందుకే తొందరగా గుర్తించరు. కడ్డీ ఒకవైపు బద్ధకంగా కదులుతుంటే అదే. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చండి. విప్పేటప్పుడు పిడిని పెద్ద పళ్లెంలో పెట్టుకోండి, ఆ స్ప్రింగ్ ఎగిరితే మళ్లీ దొరకదు.