వింగ్ లోడింగ్ పరిమితి సలహాగా ఉంటే చాలునా, నిబంధనగా ఉండాలా?

చిరుగాలి (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. స్కైడైవింగ్‌లో మొదటి మెట్టైన ‘ఏ’ (A) లైసెన్స్ వచ్చింది. ఇప్పటివరకు డ్రాప్ జోన్ (స్కైడైవింగ్ కేంద్రం) వారు అద్దెకు ఇచ్చే 190 చదరపు అడుగుల క్యానపీ (పారాచూట్ గుడ్డ) మీదే దిగుతున్నాను. నా బరువు 165 పౌన్లు. రిగ్ (వీపున కట్టుకునే పారాచూట్ సరంజామా), హెల్మెట్, జంప్‌సూట్ కలిపితే 190 పౌన్ల దాకా వస్తుంది కాబట్టి, ఆ క్యానపీ మీద నా వింగ్ లోడింగ్ (మొత్తం బరువును క్యానపీ వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) 1.0. ఇప్పుడు ఒకరు తమ పాత రిగ్‌ను మంచి ధరకు అమ్ముతామంటున్నారు. కంటైనర్ (క్యానపీలు మడిచి పెట్టే సంచి) హార్నెస్ నా ఒంటికి సరిపోయింది, ఏఏడీకి (ఆపదలో రిజర్వ్‌ను దానంతట అదే తెరిచే పరికరానికి) ఇంకా ఆయుష్షు ఉంది. అయితే అందులో ఉన్న మెయిన్ (ప్రధాన క్యానపీ) 150. దాని మీద నా వింగ్ లోడింగ్ 1.27 అవుతుంది. కొన్ని వారాంతాల్లో అలవాటైపోతుందని అమ్మేవారు చెబుతున్నారు.

నెదర్లాండ్స్‌లో క్యానపీలను తరగతులుగా విభజించి, ఏ తరగతి క్యానపీని ఎంత అనుభవం ఉన్నవారు ఎగరేయవచ్చో నిర్ణయించారు. ఫ్రాన్స్ సమాఖ్య, జంపర్ బరువునూ జంపుల సంఖ్యనూ బట్టి కనీస పరిమాణాన్ని పట్టికగా ఇస్తుంది. అమెరికాలో పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ సిఫార్సు చేసి ఊరుకుంటుంది, ఆ పైన నిర్ణయం డ్రాప్ జోన్‌దీ జంపర్‌దీ. ఇక్కడ కూడా పరిమితిని నిబంధనగా చేయడం మంచిదా, కాదా? నా కొనుగోలు సంగతి పక్కన పెట్టి అయినా సరే, దీని మీద అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

ఎత్తైనగట్టు

చిరుగాలి గారూ, నిబంధన ఉండి తీరాలని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

వేగం వింగ్ లోడింగ్‌కు వర్గమూలంగా పెరుగుతుంది. మీరు 1.0 నుంచి 1.27కు వెళితే వేగం సుమారు 13 శాతం పెరుగుతుంది, అది వినడానికి పెద్దగా అనిపించదు. కానీ ఫ్లేర్ (నేలను తాకేముందు రెండు టాగుల్స్‌నూ లాగి వేగం తగ్గించడం) కుదరని రోజున మీ కాళ్లూ నడుమూ భరించవలసిన శక్తి 27 శాతం పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, అదే టాగుల్‌ను (క్యానపీని తిప్పే పిడిని) అదే బలంతో లాగినా చిన్న క్యానపీ మరింత వేగంగా తిరుగుతుంది, మరింత నిటారుగా ముక్కు దించుతుంది, మలుపు పూర్తయ్యేలోగా మరింత ఎత్తు కోల్పోతుంది.

ఇప్పుడు ఈ పరిస్థితిని ఊహించండి. మీరు ఫైనల్‌లో (దిగేముందు గాలికి ఎదురుగా సాగే చివరి దశలో) 100 అడుగుల ఎత్తులో ఉన్నారు. పక్క నుంచి ఇంకొకరు మీ దారిలోకి వచ్చారు, లేదా అంతవరకు కనిపించని కంచె కనిపించింది. చెయ్యి ఆలోచనతో పని లేకుండా టాగుల్‌ను కిందికి లాగేస్తుంది. 190 మీద ఆ పొరపాటు కాలు బెణకడంతో పోవచ్చు, 150 మీద మీరు ఇంకా మలుపులో ఉండగానే నేల వస్తుంది. పరికరాలు ఇంత మెరుగుపడిన ఈ రోజుల్లోనూ, చక్కగా తెరుచుకుని, ఏ లోపమూ లేని క్యానపీ కింద ఉన్నవారే నేలకు దగ్గరగా తిరగబోయి ఎముకలు విరగ్గొట్టుకుంటున్నారు, ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. యూఎస్‌పీఏ ఏటా విడుదల చేసే ప్రమాదాల సమీక్షల్లో ఈ వర్గం కనిపించని సంవత్సరం అరుదు.

చిన్న క్యానపీకి తాను సిద్ధమా కాదా అన్నది తేల్చే సందర్భం ఆ 100 అడుగుల దగ్గరే వస్తుంది. ఆ సందర్భం ఇంకా ఎదురుకాని మనిషిని పట్టుకుని నీకు నువ్వే నిర్ణయించుకో అనడం న్యాయం కాదు. వాతావరణం అనుకూలించి సాఫీగా సాగిన నలభై ల్యాండింగ్‌లు అతడికి తప్పుడు ధైర్యాన్ని ఇస్తాయి. సలహా ఇచ్చేవారు కూడా చాలాసార్లు స్నేహితులే, లేదా ఆ రిగ్‌ను అమ్మేవారే. అందుకే మొహమాటానికి తావు లేని ఒక గీత ఉండాలి.

తేలికరెక్క

ఎత్తైనగట్టు గారి ఆందోళనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, పరిష్కారంతో ఏకీభవించలేను.

నా బరువు 108 పౌన్లు. రిగ్‌తో కలిపి 135. వింగ్ లోడింగ్ 1.0 సురక్షితమని రాసిపెట్టిన నిబంధన ప్రకారం, కొత్తగా లైసెన్స్ తీసుకున్న నేను 135 క్యానపీ కొనుక్కోవచ్చు. కానీ 135 క్యానపీ లైన్లు పొట్టిగా ఉంటాయి. లైన్లు పొట్టి అయ్యేకొద్దీ మనిషి క్యానపీ కింద త్వరగా ఊగుతాడు, టాగుల్‌కు స్పందన వాడిగా ఉంటుంది. రిగ్‌తో కలిపి 220 పౌన్లు తూగే మనిషి 220 క్యానపీ కింద ఉన్నప్పుడూ, నేను 135 కింద ఉన్నప్పుడూ వింగ్ లోడింగ్ ఒకటే, ఎగిరే తీరు ఒకటి కాదు. నిబంధన అక్షరాలా పాటించి నేను ప్రమాదంలో పడవచ్చు. మనలో చాలామంది అమ్మాయిలకు ఈ విషయం ఎవరూ చెప్పరు.

జంపుల సంఖ్య కూడా నమ్మదగ్గ కొలమానం కాదు. ఒకరు 300 జంపుల్లోనూ ఫ్రీఫాల్ (క్యానపీ తెరవకముందు గాలిలో పడటం) మీదే మనసు పెట్టి, క్యానపీ తెరుచుకున్నాక అలవాటు ప్రకారం దిగి వచ్చేవారు కావచ్చు. ఇంకొకరు 120 జంపులకే శిక్షకుడి దగ్గర క్యానపీ కోర్సు చేసి, పైన 3,000 అడుగుల్లో స్టాల్ (బ్రేకులు మరీ లాగితే క్యానపీ ఎగరడం ఆగిపోవడం) ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలిసేదాకా సాధన చేసి ఉండవచ్చు. క్యానపీ శిక్షకుడు బ్రయాన్ జర్మైన్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి ఉంది, మొదటి 100 జంపుల వరకు 1.0 దాటవద్దని, ఆ తరువాత ప్రతి 100 జంపులకు 0.1 మించి పెంచవద్దని. హద్దుగా చూస్తే అది మంచి లెక్కే. కానీ దాన్ని చట్టం చేసిన మరుక్షణం హద్దు కాస్తా హక్కుగా మారుతుంది, 200 జంపులు పూర్తయ్యాయి కనుక 1.1కు అర్హుడినని మనిషి అనుకుంటాడు, ఆపవలసిన శిక్షకుడికి చెప్పడానికి మాట ఉండదు.

తరువాతి మెట్టైన బీ (B) లైసెన్స్‌కు యూఎస్‌పీఏ ఇప్పటికే క్యానపీ నైపుణ్యాల కార్డు పూర్తి చేయమంటుంది. సంఖ్యలను బిగించే బదులు ఆ దారిని పొడిగించాలి, ప్రతి పరిమాణం తగ్గింపుకూ ముందు అలాంటి పరీక్ష ఒకటి పెట్టాలి.

కుట్టుసూది

నేను రిగ్గర్‌ను, అంటే పారాచూట్లు మడిచి, మరమ్మతు చేసే పని నాది. నిబంధనల చర్చ మీరు కొనసాగించండి, నేను రిగ్ గురించి నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే ఈ పోరు చాలావరకు కంటైనర్ దగ్గరే మొదలవుతుంది.

ఒక కంటైనర్‌లో మూడు పరిమాణాలకు మించి సరిగ్గా ఇమడవు. 150కి కుట్టిన కంటైనర్‌లో 170ని కష్టపడి పెట్టవచ్చు, 190 పట్టదు. రెండేళ్ల తరువాత మళ్లీ కొనవలసి వస్తుందన్న భయంతో కొత్తవారు చిన్న కంటైనర్ కొంటారు, కొన్నాక దానిలో పట్టే క్యానపీకి తమను తాము సరిపెట్టుకుంటారు. పాత రిగ్ కొనేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ధర గురించి కాదు, ఈ కంటైనర్‌లో నాకు ఇవాళ కావలసిన క్యానపీ పడుతుందా అన్నది. పడకపోతే అది మీకు చవక బేరం కాదు.

రెండో సంగతి రిజర్వ్, అంటే మెయిన్ పనిచేయనప్పుడు వాడే రెండో క్యానపీ. 150 మెయిన్ ఉన్న కంటైనర్‌లో రిజర్వ్ సాధారణంగా దానికి అటూ ఇటూగానే ఉంటుంది, ఇంకా చిన్నదీ ఉండవచ్చు. చిరుగాలి గారు దాని పరిమాణం రాయలేదు. అడగడం మరిచిపోయి ఉంటారు, చాలామంది మరిచిపోతారు. రిజర్వ్ వాడవలసిన రోజున మీరు ఇంతకుముందు ఎన్నడూ ఎగరేయని క్యానపీ కింద, తక్కువ ఎత్తులో, బహుశా డ్రాప్ జోన్‌కు దూరంగా దిగవలసి ఉంటుంది. స్పృహ లేని స్థితిలో ఏఏడీ దాన్ని తెరిస్తే బ్రేకులు విప్పేవారూ ఉండరు, ఫ్లేర్ చేసేవారూ ఉండరు. సైప్రెస్ ఎక్స్‌పర్ట్ అనే ఏఏడీ గంటకు 78 మైళ్లకు మించిన వేగంలో సుమారు 750 అడుగుల దగ్గర పనిచేస్తుంది. అది ప్రాణం నిలుపుతుంది, కానీ మెత్తగా దింపే బాధ్యత ఆ గుడ్డ వైశాల్యానిదే. రిజర్వ్ లేబుల్ మీద తయారీదారు రాసిన గరిష్ఠ బరువును చదవండి, ఆ అంచున కాకుండా దానికి చాలా లోపల ఉండేలా చూసుకోండి.

మూడోది లైన్లు. పాత క్యానపీకి స్పెక్ట్రా (ఒక రకం కృత్రిమ దారం) లైన్లు ఉంటే, స్లైడర్ (తెరుచుకునేటప్పుడు లైన్ల వెంట కిందికి జారే గుడ్డ) రాపిడి వేడికి అవి కాలక్రమంలో కుంచించుకుపోతాయి, బయటి వైపున ఉన్న స్టీరింగ్ లైన్లు మరీ ఎక్కువగా. అప్పుడు టాగుల్స్ పూర్తిగా పైకి వదిలినా టెయిల్ (క్యానపీ వెనక అంచు) కొద్దిగా కిందికి లాగబడే ఉంటుంది. తెరుచుకోవడం మొరటుగా మారుతుంది, ఫ్లేర్‌లో పస తగ్గుతుంది, కొత్తవారు తప్పు తమ చేతిదే అనుకుంటారు. గాలిలో టాగుల్స్ పూర్తిగా వదిలి పైకి చూడండి. బ్రేక్ లైన్లు కొంచెం వదులుగా విల్లులా వెనక్కి వంగి కనిపించాలి. బిగుసుకుని నిటారుగా ఉంటే ఏదో తేడా ఉన్నట్టే, రిగ్గర్‌కు చూపించాలి. కొనేముందే లైన్ల కొలతలు తీయించుకోవడం ఇంకా మేలు. పాత రిగ్‌కు కొత్త లైన్ల ఖర్చు కలిపి చూసుకుంటే ఆ మంచి ధర ఎంత మంచిదో తెలుస్తుంది.

గోదారిగట్టు

నేను రాజమండ్రి వాడిని, లైసెన్స్ విదేశంలో తీసుకున్నాను, ఇప్పుడు వీలు దొరికినప్పుడల్లా హరియాణాలోని నార్నౌల్‌లో దూకుతున్నాను. మనలాంటి వారికి జంపుల మధ్య నెలల విరామం వస్తుంది. ఏ పట్టికైనా మొత్తం జంపులతో పాటు గడిచిన ఏడాదిలో చేసినవి కూడా అడగకపోతే అది మనకు పనికిరాదు. ఎండ సంగతి కూడా కలపండి. వేయి అడుగుల ఎత్తులో ఉన్న నేల మీద 42 డిగ్రీల మధ్యాహ్నం దిగడమంటే, గాలి పలుచదనం లెక్కన చల్లటి రోజున 4,000 అడుగుల ఎత్తులో దిగినట్టే. క్యానపీ అదే, మనిషీ అదే, కానీ నేల మీదికి ఆరేడు శాతం ఎక్కువ వేగంతో వస్తాడు. అద్దంకి ఎండలంత ఎండ ఉన్న రోజున ఆ వారపు మొదటి జంపు చేసేవారు, కాగితం మీద 1.1 ఉన్నా నిజానికి ఇంకా పైనే ఉన్నామని గుర్తుంచుకోవాలి.

ఎత్తైనగట్టు

తేలికరెక్క గారు చూపిన లోపం నిజమైనదే. దానికి జవాబు నిబంధనను వదులుకోవడం కాదు, ఫ్రాన్స్ చేసినట్టు బరువును కూడా పట్టికలోకి తేవడం. 135 చదరపు అడుగులు, అంతకన్నా చిన్న క్యానపీల మీద కొత్తవారిని ఎవరినీ, వారు ఎంత తేలికైనా, అనుమతించని పట్టిక మీకు సమ్మతమేనా?

పరీక్ష పెట్టాలన్న మాటను నేను కాదనను. కానీ పరీక్షించేవారు ప్రతి డ్రాప్ జోన్‌లోనూ ఉండరు, ఉన్నచోట వారాంతపు రద్దీలో ఒక కొత్త జంపర్ ల్యాండింగ్‌లను పదేపదే నిలబడి చూసే తీరిక వారికి దొరకదు. సంఖ్యకు తీరికతో పని లేదు.

తేలికరెక్క

బరువును కలిపిన పట్టిక నాకు సమ్మతమే, ఆ విషయంలో నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పట్టిక పరీక్షకు బదులు కాకూడదు. పట్టిక లోపల ఉన్నవారు కూడా పరిమాణం తగ్గించే ముందు తమ ప్రస్తుత క్యానపీ మీద ఈ పనులు చేసి చూపగలగాలి. గాలి లేని రోజున నిలబడి దిగగలగాలి, ఎందుకంటే నేల మీద వేగం అత్యధికంగా ఉండేది ఆ రోజునే. అడ్డగాలిలో రెక్క సమంగా ఉంచి దిగగలగాలి. సగం బ్రేకుల్లో ఉంచి ఫ్లాట్ టర్న్ (ఎత్తు పెద్దగా పోకుండా తిరగడం) చేయడం పైన ఎత్తులో నేర్చుకుని, ఎవరైనా దారికి అడ్డం వచ్చినప్పుడు చెయ్యి ముందుగా దాన్నే ఎంచుకునేలా సాధన చేయాలి. 1,000 అడుగుల దగ్గర డౌన్‌విండ్ (గాలి వాలున), 600 దగ్గర బేస్ (గాలికి అడ్డంగా), 300 దగ్గర ఫైనల్ అన్న క్రమాన్ని పాటిస్తూ, అనుకున్న చోటికి దగ్గరగా పదిసార్లలో ఎనిమిదిసార్లయినా దిగగలగాలి.

ఫ్లేర్ గురించి ఒక చిన్న గమనిక. కొత్తవారు నేల దగ్గర పడుతున్నట్టు అనిపించగానే ఒక చేతిని ముందుకు చాచి ఆనుకోబోతారు. ఆ చేతిలో టాగుల్ ఉంటుంది, అది కిందికి దిగుతుంది, క్యానపీ ఆ వైపుకే తిరిగి ఆ చేతి మీదే పడేస్తుంది. మణికట్టు విరిగేది అలాగే. చూపును కాళ్ల కింద కాక ముందుకు నిలిపి, రెండు చేతులను ఒకే ఎత్తులో ఉంచి, కాళ్లు కలిపి పీఎల్ఎఫ్‌కు (నేల తాకగానే పక్కకు దొర్లి దెబ్బ తగ్గించుకునే పద్ధతికి) సిద్ధంగా ఉంటే, ఫ్లేర్ కొంచెం ముందో వెనకో అయినా దొర్లి లేవవచ్చు. పెద్ద క్యానపీ మీద పీఎల్ఎఫ్ చేయడం నామోషీ అనుకునేవారు ఉన్నారు. వారి మాట వినకండి.

చిరుగాలి

అందరికీ కృతజ్ఞతలు. అమ్మేవారిని అడిగాను, అందులో రిజర్వ్ 143. నేను ఆ రిగ్ తీసుకోవడం లేదు. డ్రాప్ జోన్‌లోని భద్రతా సలహాదారు ఈ సీజన్ అంతా 190 మీదే ఉండి, తరువాత 170 చూడమన్నారు. 170 మీద నా లెక్క 1.12 వస్తుంది. కుట్టుసూది గారూ, 190, 170 రెండూ పట్టే కంటైనర్ దొరికితే, దానిలో రిజర్వ్ ఎంత ఉండేలా చూసుకోవాలి? మెయిన్ ఏడు సెల్స్‌దా (గాలి నిండే గదులు), తొమ్మిది సెల్స్‌దా అన్నది ఇప్పుడు ఆలోచించవలసిన విషయమేనా?

కుట్టుసూది

రిజర్వ్ 170కి తగ్గకుండా చూసుకోండి, 180 దగ్గర దొరికితే ఇంకా మంచిది. కంటైనర్ తయారీదారు ఇచ్చే పరిమాణాల పట్టికలో ఆ జత ఉందో లేదో సరిచూసుకోండి, ఎందుకంటే మెయిన్ ట్రే, రిజర్వ్ ట్రే వేర్వేరు కొలతల్లో కుడతారు. సెల్స్ సంగతి ఇప్పుడే ఆలోచించవచ్చు, కానీ చదివి తేల్చుకోవద్దు. ఏడు సెల్స్‌ది సాధారణంగా నిటారుగా దిగుతుంది, తొమ్మిది సెల్స్‌ది ఎక్కువ దూరం సాగి, ఫ్లేర్‌లో నేలకు సమాంతరంగా ఎక్కువసేపు నడుస్తుంది. రెండూ మొదటి క్యానపీగా బాగానే ఉంటాయి. దీర్ఘవృత్తాకారపు దూకుడు నమూనాల జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. తయారీదారులు డెమో క్యానపీలను కొద్ది వారాలకు పంపుతారు. 190 డెమోలు రెండు తెప్పించుకుని, ఎండ ఎక్కువగా లేని, గాలి నిలకడగా ఉన్న రోజుల్లో పైన స్టాల్ చూసి, ఆ తరువాతే దాని ఫ్లేర్ మీద అభిప్రాయం ఏర్పరచుకోండి. కొనే ముందు రిగ్‌ను మీ దగ్గరి రిగ్గర్ చేతికి ఇచ్చి, రిజర్వ్ విప్పించి చూపించుకోండి. 180 రోజులకు ఒకసారి రీప్యాక్ (రిజర్వ్‌ను విప్పి, పరిశీలించి, మళ్లీ మడవడం) ఎలాగూ తప్పదు కాబట్టి, ఆ గడువు దగ్గర పడ్డ రిగ్ అయితే అమ్మేవారు కూడా అభ్యంతరం చెప్పరు.