కేసులో పట్టుకున్న కారు: చార్జిషీటు దాకా ఆగాల్సిందేనా? (ఫోరమ్ చర్చ; ప్రతి పోస్టు మొదట ఉన్నది రాసినవారి సభ్యనామం)

కృష్ణాతీరం: కొట్లాట కేసులో పోలీసులు కారు సీజ్ చేశారు. నడిపిన వ్యక్తి నిందితుడు. యజమానికి కేసుతో సంబంధం లేదు. ఫైనాన్స్ ఇంకా తీరలేదు. చార్జిషీటు వేశాకే బండి ఇస్తామని స్టేషన్‌లో చెప్తున్నారు. ఈలోగా విడిపించుకునే దారి ఉందా? పిటిషన్ ఎవరి పేరుతో, ఏ సెక్షన్ కింద వేయాలి?

క్రిమినల్ సైడ్: ఆగక్కర్లేదండీ. దర్యాప్తు నడుస్తుండగానే మధ్యంతర కస్టడీ, అంటే కేసు తేలేదాకా బండిని తాత్కాలికంగా తమకు అప్పగించమని అడగొచ్చు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: బళ్లను స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి పడేసి ఉంచడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, ఫొటోలు, పంచనామా తీసి, తగిన బాండు, పూచీకత్తు తీసుకుని అప్పగించాలి.

పిటిషన్ ఆర్సీలో పేరున్న యజమానే వేయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్లు 497, 503 రెండూ రాయండి. 497 కోర్టు ముందుకొచ్చిన సొత్తుకు, 503 పోలీసులు సీజ్ చేశామని రిపోర్టు మాత్రమే పంపిన సొత్తుకు. పాత సీఆర్‌పీసీలో ఇవే 451, 457.

క్రైమ్ నంబరు, సీజ్ చేసిన తేదీ, రిజిస్ట్రేషన్, ఇంజన్, చాసిస్ నంబర్లు ఆర్సీ చూసి అక్షరం అక్షరం రాయాలి. చాసిస్ నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా, ఆర్డర్ చేతిలో ఉండి కూడా స్టేషన్‌లో బండి ఇవ్వరు. మళ్లీ సవరణ పిటిషన్ వేసుకోవాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, ఆధార్, ఎఫ్‌ఐఆర్ నకలు జత చేయండి. బండిలో రక్తపు మరకల్లాంటివి ఉంటే, ఫోరెన్సిక్ పరీక్ష అయ్యేదాకా ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) అభ్యంతరం చెప్తారు. అది అయిందో లేదో దర్యాప్తు అధికారిని ముందే అడగండి.

మరో సంగతి. దర్యాప్తుకు బండి ఇక అవసరం లేదనుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 106(3) కింద పోలీసు అధికారే బాండు తీసుకుని ఇవ్వొచ్చు. ఆ మాట రాతపూర్వకంగా అడిగి, ఆ నకలు పిటిషన్‌కు జత చేస్తే బలం.

సెక్షన్ చూడండి: పై సలహా మామూలు కేసులకు సరే. ఇదే బండి రేషన్ బియ్యంతో దొరికితే కథ వేరు. నిత్యావసర సరుకుల చట్టం 6ఏ కింద జప్తు (బండిని ప్రభుత్వపరం చేసే) అధికారం కలెక్టర్‌ది, 6ఈ మామూలు కోర్టులకు అడ్డు. మేజిస్ట్రేటు దగ్గర వేస్తే కాలం వృథా. అద్దెకు సరుకు మోసే బండైతే, జప్తుకు బదులు జరిమానా కట్టే అవకాశం యజమానికి ఇవ్వాలి. అది కూడా పట్టుకున్న రోజున ఆ సరుకుకున్న మార్కెట్ ధరకు మించకూడదు. చాలామంది ఈ మాట అడగనే అడగరు. ఎక్సైజ్, అటవీ కేసుల్లోనూ శాఖాధికారి జప్తు విచారణ మొదలైందేమో చూసుకోవాలి. గంజాయి కేసైతే, మధ్యంతర విడుదలకు ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో ప్రత్యేక నిషేధమేమీ లేదని 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కృష్ణాతీరం: ధన్యవాదాలండీ. మాది కొట్లాట కేసే. పూచీకత్తు ఎంత అడుగుతారు? ఫైనాన్స్ వల్ల ఇబ్బందా?

బాండు పేపర్లు: పూచీకత్తు ఎంతన్నది కోర్టు ఇష్టం. సాధారణంగా బండి విలువను బట్టి సొంత బాండు, అంతే మొత్తానికి ఒకరిద్దరు జామీనుదారులు. ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు ఉన్నవాళ్లను ముందే సిద్ధం చేసుకోండి, ఆర్డర్ వచ్చాక ఆలస్యమయ్యేది ఇక్కడే. బ్యాంకు గ్యారంటీ లాంటి మోయలేని షరతు పెడితే, సడలించమని అదే కోర్టులో అడగొచ్చు. అమ్మకూడదు, రూపం మార్చకూడదు, పిలిచినప్పుడు హాజరుపరచాలి అనేవి మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

ఫైనాన్స్ ఉన్నంత మాత్రాన అడ్డు కాదు. వాయిదాలు కట్టకుండా బకాయి పడితే మాత్రం ఫైనాన్స్ కంపెనీ కూడా బండి తమకివ్వమని పిటిషన్ వేయొచ్చు. కట్టిన వాయిదాల స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి.

తీసుకునే రోజు పంచనామా చేతిలో పట్టుకుని స్టెప్నీ, బ్యాటరీ, స్టీరియో, కిలోమీటర్ల రీడింగ్ ఒక్కొక్కటి సరిచూడండి. లేనిది రసీదు మీదే రాసి సంతకం పెట్టండి. సంతకం చేసి బయటికొచ్చాక బ్యాటరీ పోయిందంటే వినేవారుండరు. ఇన్సూరెన్స్ గడువు ఈలోగా దాటి ఉంటే రెన్యూ చేయించాకే రోడ్డెక్కించండి. కుదరకపోతే టోయింగ్ బండి మాట్లాడుకోండి.