సమస్య: ఈసడించినవానికే యిత్తు సిరులు

నిర్వాహకుడు: పొద్దున బండి దగ్గర ఒకావిడ వంకాయల్ని చూసి ఈసడించుకుంది. బండివాడు ఆవిడకే కొసరు రెండు ఎక్కువేశాడు. పాదం అక్కడే తట్టింది. ఇది చివరి పాదంగా వచ్చేలా తేటగీతి పూరించండి. ఎప్పటిలా పిచ్చివాడి నోట్లో పెట్టి తప్పించుకోకండి.

పాతకాపు:
నూరు తప్పులు కాచితి నోరు జారి
నన్ను దూషించు చైద్యుడు నన్నె చేరె
పగను తలచిన తలపును భక్తి నాకు
ఈసడించినవానికే యిత్తు సిరులు

గోదారిగట్టు: మోక్షాన్ని సిరి చేయడం బాగుంది మాస్టారూ. కానీ రాజసూయంలో మీ చైద్యుడు, అదే శిశుపాలుడు, కృష్ణుణ్ణి నిండు సభలో తిట్టిపోశాడు. అది దూషణ. ఈసడింపుకి నోరు తెరవాల్సిన పనే లేదు, పెదవి విరిస్తే చాలు. అందులో కోపం కన్నా రోత ఎక్కువ.

పాతకాపు: గొల్లవాడికి అగ్రపూజ ఏమిటన్నాడు కదా! అది రోత కాక మరేమిటి? అయినా మాటల అర్థాలు మీరు చెప్పాలా? సంక్రాంతి పూరణలో ‘ఈసుతో నవ్వె’ అని రాసి, వెటకారంగా నవ్వింది అని వివరణ ఇచ్చారు. ఈసు అంటే అసూయ బాబూ! ఈసడింపుకి పొట్టి పేరు కాదు.

గోదారిగట్టు: ఆ పద్యం ఇంకా మర్చిపోలేదా!

కొత్తకోడలు:
ఉప్పు చాలదు కూరలో నొప్పుకొందు
పెదవి విరిచెను మావయ్య ప్లేటు చూసి
వంట నేర్చితి మెస్సుతో వచ్చె డబ్బు
ఈసడించినవానికే యిత్తు సిరులు

నిర్వాహకుడు: భలే అమ్మా! ఈసడింపు అంటే ఇదీ. ఛీ అంటే ఛీత్కారం, మూతి తిప్పి అనుకరిస్తే వెక్కిరింత, నవ్వుతూ గుచ్చితే ఎకసెక్కెం. మీ మావయ్య ఒక్క మాటా అనలేదు.

గోదారిగట్టు: ‘మావయ్య ప్లేటు’ దగ్గర ‘య్య’ గురువైపోదా? మూడూ గురువులై, ఇక్కడ రాకూడని మగణం పడుతుంది.

పాతకాపు: పడదు. అది సమాసం కాదు, విడివిడి తెలుగు మాటలు. ‘య్య’ లఘువే. నాకు నచ్చనిది వేరే. మావయ్యని ‘వాడు’ అంటావా తల్లీ?

కొత్తకోడలు: పాదం మీరిచ్చిందే కదండీ! ‘వారికే’ అన్నా గణం చెడదు. మార్చుకోనిస్తారా?

నిర్వాహకుడు: సమస్య పాదం ముట్టుకోకూడదమ్మా. మావయ్యకి ఈ పద్యం చూపించకు, అంతే.

గోదారిగట్టు: సరే, నాదీ ఒకటి. ఎవరి గురించో చెప్పను.
గణము తప్పిన చోటెల్ల కనుగొనుచును
తప్పు దిద్దిన మిత్రుడే దైవ మనుచు
తిట్లు మ్రింగుచు వ్రాసితి తేటగీతి
ఈసడించినవానికే యిత్తు సిరులు

పాతకాపు: ‘తిట్లు మ్రింగుచు’లో ‘ట్లు’ని లఘువుగానే ఉంచారే! ఇందాకటి మగణం ఏమైంది? యతులు మాత్రం శుభ్రంగా పడ్డాయి, మీకిది అరుదే. ఇంతకీ నా సిరులెప్పుడు పంపుతారు?

గోదారిగట్టు: మీరేనని నేనన్నానా? కొసరు వంకాయలు రెండున్నాయి, పంపిస్తా.