ఏడాది ఫ్రాన్సులో, ఫ్రెంచి వాళ్ళింట్లో: అక్కడ పిల్లకు మామూలు మంగళవారం ఎలా గడుస్తుంది?

అంబర్‌పేట తల్లి:

నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేసింది. విద్యార్థుల మార్పిడి కార్యక్రమం కింద సెప్టెంబరు నుంచి ఒక విద్యా సంవత్సరం ఫ్రాన్సులో చదివే అవకాశం వచ్చింది. అక్కడి కుటుంబంతో ఉంటూ, అక్కడి బడికే వెళ్ళాలి. తనకు వచ్చిన ఫ్రెంచి అంటే బడిలో మూడో భాషగా నేర్చుకున్న నాలుగు ముక్కలే.

వాళ్ళ నాన్న ఎప్పుడో సరే అన్నారు. మా అత్తగారు మాత్రం "ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో ఆడపిల్లను ఏడాది ఎలా వదులుతారు" అని అన్నం మానేసినంత పని చేస్తున్నారు. నా భయాలు వేరు. మాది శాకాహారం, ఇంట్లో గుడ్డు కూడా వండం. భాష రాని పిల్ల పొద్దస్తమానం క్లాసులో కూర్చుని ఏం చేస్తుంది? ఏడాది తిరిగేసరికి నిజంగా మాట్లాడగలదా, లేక ఫొటోలు దిగి వచ్చేస్తుందా? కార్యక్రమం వాళ్ళ సమావేశానికి వెళ్తే నవ్వు మొహాల వీడియోలే చూపించారు. నాకు పండగ రోజు సంగతి వద్దు. ఏ విశేషమూ లేని మంగళవారం ఎలా ఉంటుందో వెళ్ళి వచ్చిన వాళ్ళు చెబితే వినాలని ఉంది.

కొత్తపేట నాన్న:

మా అబ్బాయి వెళ్ళి వచ్చాడు. అక్కడి సంగతులు వాడే చెప్పాలి, ఇక్కడి సంగతి నేను చెబుతాను. ఆ ఏడాది మన ఇంటర్ మొదటి సంవత్సరానికి బదులు కాదు. ఒక ఏడాది వెనక్కి పడుతుందని ముందే ఒప్పుకోండి. పదో తరగతి అయి, ఇంటర్ మొదలుకాకముందే వెళ్తోంది కాబట్టి చదువు మధ్యలో తెగదు, అది మేలు. మావాడు తిరిగొచ్చి, అప్పటికే మొదలైపోయిన క్లాసుల్లో జూలైలో చేరాడు. చేర్చుకున్న కాలేజీ ఆయన "ఫ్రాన్సులో ఎంపీసీ చెప్పరా?" అని వెటకారం చేశాడు. నేను ఫీజు కట్టి ఊరుకున్నాను.

వీసా చదువుకునే మైనర్ల కోసం ఇచ్చేది అడగాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం నోటరీ చేయించాలి. 18 నిండని పిల్లలకు అక్కడికి వెళ్ళాక వేరే నివాస కార్డు అక్కరలేదు, ఒక తిరుగుడు తప్పుతుంది.

తార్నాక మాస్టారు:

అమ్మా, నేను ముప్పయ్యేళ్ళు ఫ్రెంచి చెప్పాను. మన ఊళ్ళో ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకునేది ఎందుకో మీకు తెలియనిది కాదు. సంస్కృతంలాగే మార్కులు రాలతాయని. ఆ చదువుతో వెళ్ళిన పిల్లకు వ్యాసం రాయడం వస్తుంది, "ఉప్పు ఇటు ఇవ్వండి" అనడం రాదు. చేతిలో ఉన్న నెలల్లో బంజారాహిల్స్‌లో ఫ్రెంచి నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో చేర్పించి, డెల్ఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్షలో ఎ1 మెట్టు రాయించండి, వీలైతే పై మెట్టు ఎ2 కూడా. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం మీద 50 రావాలి, ఏ ఒక్కదానిలోనూ 5 కంటే తగ్గకూడదు. మనవాళ్ళు జారేది మొదటి దానిలోనే. ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వాళ్ళు తేలిక ఫ్రెంచిలో పది నిమిషాల వార్తలు ఇస్తారు, రోజూ వినమనండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, చెవి అలవాటు పడాలి.

మూసారాంబాగ్ అమ్మాయి:

ఆంటీ, నేను పదహారేళ్ళప్పుడు వెళ్ళాను. పశ్చిమాన ఆంజె నగరానికి దగ్గర్లో ఒక పల్లె. మీరు మంగళవారం అడిగారు కదా, డిసెంబరు నెల మంగళవారం చెబుతాను. సెప్టెంబరులో అందరికీ బాగానే ఉంటుంది.

పొద్దున ఏడింటికి బస్సు, అప్పటికి చీకటి. డిసెంబరు చివర ఆ వైపు సూర్యుడు ఎనిమిదిన్నర దాటితే గానీ రాడు. మొదటి క్లాసు ఎనిమిదికి, అప్పటికీ కిటికీ బయట రాత్రే. బడి సాయంత్రం అయిదింటి దాకా, ఒక్కోరోజు ఆరింటి దాకా. బుధవారం మధ్యాహ్నం నుంచి మాత్రం వదిలేసేవారు. వాళ్ళ టీచర్లు బోర్డు మీద గొలుసుకట్టు రాస్తారు. అది నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు, పక్క పిల్ల పుస్తకంలోంచి దించుకునేదాన్ని. చరిత్ర క్లాసులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, లెక్కల క్లాసులో మాత్రం రాణిలా కూర్చునేదాన్ని. మార్కులు ఇరవైకి వేస్తారు. పది వస్తే గట్టెక్కినట్టు, పదహారు వస్తే చాలా గొప్ప. ఎంపీసీలో 470కి 465 వస్తే ఆ అయిదూ ఎక్కడ పోయాయని నిలదీసే ఊరి నుంచి వెళ్ళాను, చరిత్రలో నాలుగు చూసి మా నాన్నకు ఎలా చెప్పాలో తోచలేదు.

ఇక తిండి. దరఖాస్తులో "శాకాహారి" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. అక్కడ చాలామంది లెక్కలో చేప మాంసం కాదు, కూరలో వేసే చిన్న పందిమాంసం ముక్కలు రుచి కోసమే. ఏవేవి తినదో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయండి. బడి క్యాంటీన్లో వారానికి ఒక పూటైనా మాంసం, చేప లేని భోజనం పెట్టాలని అక్కడ చట్టం ఉంది. అయితే అందులో గుడ్డు, చీజు ఉంటాయి. ఆ చీజు కూడా, కోంతే లాంటి పాతకాలం రకాలైతే, దూడ పొట్టలోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. మీ అమ్మాయి గీత ఎక్కడ గీస్తుందో ఇక్కడే తేల్చుకోవాలి. నేను గుడ్డు దగ్గర సర్దుకున్నాను. మా అమ్మమ్మకు ఇప్పటికీ తెలియదు, ఈ పేజీ ఆవిడ చదవదు.

క్యాంటీన్లో ఒక తమాషా. వాళ్ళ గాజు గ్లాసుల అడుగున అచ్చులోనే ఒక అంకె ఉంటుంది. కూర్చోగానే అందరూ తాగేసి లోపలికి చూస్తారు, వచ్చిన అంకె వాళ్ళ వయసు అన్నమాట. మా బల్ల దగ్గర అందరికంటే చిన్న అంకె వచ్చినవాళ్ళు లేచి నీళ్ళ కూజా నింపుకొని రావాలి. ఎవరి అంకె వాళ్ళు పైకి చెప్పాలి. తడబడితే కూజా మనకే. నలభై దాకా అంకెలు నాకు అలా వచ్చాయి, ఏ పుస్తకమూ నేర్పలేదు. డెబ్బై నుంచి వేరే కథ. అక్కడ ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెబుతారు. 75 అనాలంటే అరవై-పదిహేను అంటారు. మనం 60 రాసుకుని, తర్వాత 15 రాసుకుంటాం. పది అంకెల నంబరు పన్నెండు అంకెలకు పెరుగుతుంది.

ఇంతకీ నా ఫ్రెంచి బడిలో రాలేదు ఆంటీ, వంటింట్లో వచ్చింది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఉండేవాడు. వాడికి వారం వారం డిక్టేషను. రాత్రి భోజనం కాగానే బల్ల తుడిచి వాళ్ళమ్మ చదివేది, ఒకవైపు వాడు, ఒకవైపు నేను. ఫ్రెంచిలో "పిల్లలు ఆడుతున్నారు" అంటే క్రియ చివర మూడు అక్షరాలు రాయాలి, ఒక్కటీ పలకదు. నేను రాసేదాన్ని కాదు. వాడు నా కాగితం లాక్కుని, పెన్సిలు కొసతో ఆ మాట కింద టకటకా కొట్టి "ఆడుతున్నది ఎవరు? ఒక్కరా, చాలామందా?" అని అచ్చం వాళ్ళ టీచరులా అడిగేవాడు. నేను "చాలామంది" అనేదాకా వదిలేవాడు కాదు. తర్వాత ఎర్ర పెన్నుతో ఇరవైకి ఒకటి వేసేవాడు. ఆ ఒక్కటీ జాలిపడి ఇచ్చిందేనని కూడా చెప్పేవాడు. పెద్దవాళ్ళు మర్యాదకు మన తప్పులు దిద్దరు, అర్థమైందని తలాడించి ఊరుకుంటారు. చిన్నపిల్లలున్న ఇల్లు దొరికితే సగం పని అయినట్టే. కుటుంబం వివరాలు వచ్చినప్పుడు నేనైతే ముందు అదే చూస్తాను.

రెండోది, మీ అమ్మాయి మన పేట గురించి ఒక కథ సిద్ధం చేసుకోవాలి. మా ఇంటికి దగ్గర్లో అస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమాన్ సమాధి ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని, 1798లో ఇక్కడే చనిపోయాడు. ఆ ఇంటి తాతగారికి ఫొటో చూపించాను. తమ దేశం మనిషి మా వీధి చివర ఉన్నాడంటే ఆయన నమ్మలేదు. నమ్మాక ఇక వదల్లేదు. ఆదివారం భోజనాలు అక్కడ మూడేసి గంటలు సాగుతాయి. వచ్చిన ప్రతి చుట్టం ముందూ "అమ్మాయీ, రేమాన్ కథ చెప్పు" అనేవారు. మొదట అయిదు వాక్యాలు. ఎవరో ఒకరు ప్రశ్న వేసేవారు, దానికి జవాబు వెతుక్కునేదాన్ని, వచ్చే ఆదివారానికి అదీ కథలో చేరేది. వేసవి వచ్చేసరికి నిజాం, టిప్పు, ఇంగ్లీషువాళ్ళు అందరూ వచ్చి చేరారు. భూతకాలం క్రియలన్నీ నాకు రేమాన్ పుణ్యమే.

అసలు చెప్పదలచుకున్నది ఇది, మీకు నచ్చకపోవచ్చు. రోజూ ఫోను చేయకండి. చలికాలంలో మనం వాళ్ళకంటే నాలుగున్నర గంటలు ముందుంటాం. మీరు పనులన్నీ ముగించుకుని పదకొండింటికి ఫోను పట్టుకుంటారు. అక్కడ ఆరున్నర. పిల్ల బడి నుంచి వచ్చి, ఉల్లిపాయలు తరుగుతూ ఆ ఇంటావిడతో మాట్లాడే సమయం సరిగ్గా అదే. మీ ఫోను మోగితే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. గంటసేపు తెలుగులో ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తయారైన భోజనానికి వచ్చి మౌనంగా కూర్చుంటుంది. పక్క ఊళ్ళో ఒక బ్రెజిల్ అమ్మాయి ఉండేది. నాకంటే తెలివైనది, వాళ్ళ భాషకు ఫ్రెంచి దగ్గర కూడా. ఇంటికి ఫోను చెవి నుంచి దించేది కాదు. ఫిబ్రవరిలో కూడా రొట్టెల కొట్లో ఇంగ్లీషే మాట్లాడేది.

మొదటి మూడు నెలలు మీ అమ్మాయి సరిగ్గా మాట్లాడదు. సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, వినీ వినీ. అక్టోబరు చివర రెండు వారాలు సెలవులిస్తారు. ఆ ఊళ్ళో చేయడానికి ఏమీ ఉండదు, ఆదివారం కొట్లు కూడా మూసేస్తారు. విసుగు పుట్టి, పలకరించడానికి మరెవరూ లేక, ఆ ఇంట్లో వాళ్ళతోనే మాట్లాడుతుంది. ఆ విసుగును మీరు ఫోనుతో తీర్చేయకండి. మా ఇంట్లో ఆదివారం ఒక్కసారే అని మా నాన్న తీర్మానించారు. అమ్మ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడటం మానేసింది.

తార్నాక మాస్టారు:

బాగా చెప్పావమ్మా. మన గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోసిన కార్ఖానా కూడా రేమాన్ పెట్టించినదే, కథలో చేర్చుకోవలసింది. ఆ తాతగారికి యానాం సంగతి చెప్పావా? 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న తెలుగు ఊరు.

మూసారాంబాగ్ అమ్మాయి:

చెప్పాను మాస్టారూ. పుదుచ్చేరి తెలుసట, యానాం పేరు వినలేదట. పటం తెప్పించి గోదావరి ఎక్కడో చూపించమన్నారు.

అంబర్‌పేట తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఒక్కసారా! మా అత్తగారికి ఈ పేజీ చూపించే ధైర్యం లేదు. రేమాన్ దొరకకపోయినా మాకు బతుకమ్మ ఉంది, మా వీధిలో పెద్దదే పేరుస్తారు. అదే కథగా తయారు చేయమన్నాను. ఇంకో రెండు సందేహాలు. ఆ కుటుంబంతో కుదరకపోతే ఏం చేయాలి? ఆవకాయ, నెయ్యి, కరివేపాకు పెట్టెలో పెట్టి పంపవచ్చా?

మూసారాంబాగ్ అమ్మాయి:

బతుకమ్మ బాగుంటుంది ఆంటీ, పూల పేర్లు ముందే ఫ్రెంచిలో నేర్చుకోమనండి. తంగేడుకు అక్కడ పేరు దొరకదు, ఫొటో పట్టుకెళ్ళాలి.

కుటుంబం సంగతి. రోటరీ ద్వారా వెళ్తుంటే ఏడాదిలో రెండు మూడు ఇళ్ళు మార్చడం వాళ్ళ పద్ధతే, ఊళ్ళో సలహాదారు అని ఒకరిని కూడా పెడతారు. వేరే సంస్థ అయినా బాధ్యత తీసుకునే స్థానిక మనిషి ఎవరో ఒకరు ఉంటారు. బయలుదేరే ముందే ఆ మనిషి పేరు, నంబరు మీ దగ్గరా, అమ్మాయి దగ్గరా ఉండాలి. చిన్న చిన్న చిరాకులు, అంటే స్నానం పది నిమిషాల్లో ముగించమనడం, గిన్నెల మిషను ఖాళీ చేయమనడం, ఇవి కుదరకపోవడం కిందికి రావు. మిగిలినదేదైనా సరే, ముందు ఆ మనిషికి చెప్పమనండి, తర్వాత మీకు. మీకు ముందు చెబితే మీరిక్కడ నిద్ర మానేస్తారు, అక్కడ ఏదీ మారదు. అయితే భయం వేసే విషయమైతే ఆదివారం నియమం చూడకుండా ఏ వేళలోనైనా ఫోను చేయాలి. ఇది మాత్రం తనకు గట్టిగా చెప్పి పంపండి.

ఆవకాయ పట్టుకెళ్ళవచ్చు, మూత బిగించి రెండు కవర్లలో చుట్టండి. నెయ్యి వద్దు. పాలతో చేసినవి బయటి దేశాల ప్రయాణికులు యూరప్‌లోకి తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా అంతే, మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా రానివ్వరు. కంది పొడి ఎక్కువ పెట్టండి. అక్కడి వెన్నతో వేడి అన్నంలో కలిపితే బాగానే ఉంటుంది. ఆ పిల్లవాడు దాన్ని రొట్టె మీద చల్లుకుని తినేవాడు.