నలుపు తెలుపు సినిమాల్లో వెన్నెలను ఎలా పుట్టించేవారు?

కాలువగట్టు:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. మా అన్నయ్యా నేనూ కలిసి పదిహేను నిమిషాల చిన్న సినిమా తీస్తున్నాం. అన్నయ్య రాస్తాడు, కెమెరా పట్టేది నేను. అందులో పున్నమి రాత్రి కాలువలో పడవ మీద ఒక సన్నివేశం ఉంది. పోయిన పున్నమికి వెళ్లి తీశాం. కంటికి పిండి ఆరబోసినట్టు వెన్నెల. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఇసుక చల్లినట్టు చుక్కలే. మనిషీ లేడు, నీళ్లూ లేవు. వెలుగు పెంచి, నీలం రంగు ఎక్కించాం. రాత్రిలా లేదు, నీలం అద్దంలోంచి పగటిని చూసినట్టుంది.

మా అమ్మమ్మ అది చూసి ‘మాయాబజార్’ పెట్టమంది. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాట రాగానే “వెన్నెలంటే ఇదీ” అంది. 1957 నాటి నలుపు తెలుపు ప్రతినీ, 2010లో వచ్చిన రంగుల ప్రతినీ పక్కపక్కన పెట్టి చూశాను. రంగే లేని దానిలో వెన్నెల ఎక్కువగా ఉంది! ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ అని తెలుసు, గొప్పవారనీ తెలుసు. నాకు కావలసింది ఆ మాట కాదు. దీపం ఎక్కడ పెట్టాలి? ఎటు తిప్పాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాత నెగెటివ్:

అమ్మా, దీపం ఎక్కడ పెట్టాలని అడిగారు చూశారూ, చాలా సంతోషమైంది. ఆ ప్రశ్న వేసేవారు కనిపించక ఎన్నేళ్లయిందో.

మాది తెనాలి. 1972 నుంచి 2006 దాకా ఫొటో స్టూడియో నడిపాను. ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థ అధిపతుల్లో ఒకరైన చక్రపాణి గారి ఊరు కాబట్టి విజయా వారి సినిమా వచ్చిందంటే మా ఊళ్లో అందరికీ సొంతింటి పెళ్లే. ‘మాయాబజార్’ మళ్లీ ఆడిన ప్రతిసారీ వెళ్లేవాణ్ణి. మొదటి రెండుసార్లు అందరిలాగే నటులను చూశాను. మూడోసారి నుంచి నీడలను చూడటం మొదలుపెట్టాను. దీపం ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు, నీడే చెబుతుంది.

ముందు మీ పున్నమి సంగతి. పున్నమి వెన్నెల ఎండలో సుమారు 4 లక్షల వంతు. మన కన్ను చీకటికి అలవాటుపడి సర్దుకుంటుంది, ఫిల్ము సర్దుకోదు. సెకనుకు 24 బొమ్మలు పడాలి, ఒక్కో బొమ్మకు సెకనులో యాభయ్యో వంతు వెలుగే అందుతుంది. ఆనాటి ఫిల్ముకు అంతలోనే బొమ్మ దిగాలంటే నిజం వెన్నెలకు కొన్ని వేల రెట్లు వెలుగు కావాలి. అందువల్ల వెన్నెలను తీయడమనేదే లేదు. కళ్లు చెదిరే వెలుగు పోసి, అది చల్లగా, కొంచెంగా ఉన్నట్టు నమ్మించాలి. పని అంతా ఆ నమ్మించడంలోనే ఉంది.

ఇక దీపం చోటు. మీరు గట్టు మీద నిలబడి చూడండి. చంద్రుడు మీ వీపు వెనక ఉంటే కాలువ నల్లగా ఉంటుంది. మీకు ఎదురుగా, పడవకు అవతల ఉంటేనే నీళ్ల మీద వెండి దారి పడుతుంది. వెలుగు నీటిని తాకి కెమెరా వైపు జారాలి. కనుక వెన్నెల దీపం ఎప్పుడూ మనుషుల వెనక, కొంచెం ఎత్తున ఉండాలి. అప్పుడు జుట్టు అంచునా, భుజం మీదా, కిరీటం మీదా సన్నని తెల్లని గీత పడుతుంది. ఆ గీతే వెన్నెల. బార్ట్లీ గారి వెన్నెలలో మీరు మొదట చూడవలసింది అది.

దీపం వెనక పెడితే ముఖం చీకటైపోతుంది. అప్పుడు ముందు నుంచి మెత్తని వెలుగు కొంచెం ఇవ్వాలి. వెనక వెలుగులో నాలుగో వంతు, లేదా ఇంకా తక్కువ. ఎక్కువైతే పగలు, మరీ తక్కువైతే కళ్లలో భావం కనిపించదు. సావిత్రి గారి కళ్లు కనిపించని పాట ఎవరికి కావాలి? ఆ కొలత పట్టుకోవడమే కెమెరామన్ చేయి. పైగా తీసింది వెంటనే చూపే తెర ఆ రోజుల్లో లేదు, చూసి దిద్దుకోవడం లేదు. ఫిల్ము ల్యాబ్‌కు వెళ్లి, కడిగి, ముద్రించి వచ్చాక గాని తప్పొప్పులు తెలియవు. అప్పటిదాకా ఆ బొమ్మ ఆయన తలలోనే ఉండాలి.

1974లో ఒక కొత్త జంట నా దగ్గరకు వచ్చి ‘మాయాబజార్’ వెన్నెలలో ఫొటో కావాలన్నారు. ముందు ఒక 500 వాట్ల బల్బు పెట్టి తీసి, ప్రింటు ముదురుగా వేశాను. కరెంటు పోయిన గదిలా వచ్చింది. ఆ రాత్రంతా ఆలోచించాను. మర్నాడు వారిని మళ్లీ పిలిచి, బల్బును వారి వెనక బీరువా మీదకు ఎక్కించాను. కాంతి లెన్సులో పడకుండా రేకు అడ్డం పెట్టాను. ముందు ఒక తెల్ల పంచె కట్టాను, వెనక వెలుగు దాని మీద పడి మెత్తగా ముఖాలకు తిరిగి వచ్చింది. డార్క్‌రూమ్‌లో కాగితం మీద ఆమె జడ అంచు మొదట తేలింది, తర్వాత చెక్కిలి. చేతులు వణికాయి. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల గోడ మీద ఉంది.

రంగుల ప్రతి గురించి ఒక మాట. నలుపు తెలుపులో ఆకుపచ్చ చీరా ఎర్ర గోడా ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. మనిషిని వెనకున్నదాని నుంచి విడదీయడానికి కెమెరామన్‌కు వెలుగు ఒక్కటే ఆధారం. కాబట్టి ప్రతి అంగుళంలో ఏది తెల్లన, ఏది నల్లన అని ముందే తేల్చుకుని తీశారు. అలా తేల్చిన బొమ్మకు తర్వాత నీలం పూస్తే, నలుపు ఉండవలసిన చోట రంగు వచ్చి కూర్చుంటుంది. ఆ పని చేసినవారి శ్రమను నేను తక్కువ చేయను. కానీ వెన్నెల ఆ నలుపులో ఉంది.

ఇంకొకటి, దీన్ని తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఆ సినిమాను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తెలుగు అభిమన్యుడు నాగేశ్వరరావు గారు, తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్. సావిత్రి గారు రెండింటిలోనూ నాయికే. పక్కన ముఖం మారినప్పుడల్లా ఆ నాలుగో వంతు కొలతను మళ్లీ పట్టుకోవాలి.

ఆర్క్‌లైటు:

పైన రాసిన పెద్దాయనకు నమస్కారం. అక్షరం అక్షరం నిజం. నేను 1969లో మద్రాసు కోడంబాకంలో ఒక స్టూడియోలో లైట్‌మన్‌గా చేరాను. బార్ట్లీ గారి దగ్గర పని చేయలేదు, కానీ నలుపు తెలుపు సినిమాల చివరి రోజులు చూశాను.

వెనక వెలుగు అని ఒక్క ముక్కలో రాశారు. ఆ వెనక మేముండేవాళ్లం. పైకప్పు కింద తాళ్లతో వేలాడదీసిన చెక్క పలకల మీద, ఒక్కో ఆర్క్ లైటు పక్కన ఒక్కో మనిషి. ఆర్క్ అంటే రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే నిప్పు. కడ్డీ కాలేకొద్దీ ఎడం పెరిగి వెలుగు మినుకుమంటుంది, సర్దుతూ ఉండాలి. ఆ వేడికి చొక్కా తడిసి, ఆరి, ఉప్పు మరకలు కట్టేది. కింద కెమెరామన్ చేయి కొంచెం ఇలా తిప్పితే మేము లైటు అంతే తిప్పాలి. మాట అక్కర్లేదు.

మీ పడవ సీనుకు పనికివచ్చేది ఒకటి చెబుతాను. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, అడుగున అద్దం ముక్కలు పరచండి. ఒక లైటు దాని మీదకు వంచండి. నీటి అలల వెలుగు ముఖాల మీద ఆడుతుంది. ఆ పళ్లెం కదిపే పని చాలాసార్లు నాదే. ఒక్క వేలితో, చాలా నెమ్మదిగా కదపాలి. పాట తాళానికి వేలు ఆడిందా, పాడైపోయినట్టే. నీరు తాళం వేయదు.

తెర వెనక గోడ:

ఇద్దరూ బాగా చెప్పారు. కానీ ఆ పాటలో కొంత మద్రాసు పక్కన ఎన్నూరు దగ్గర బయట నీళ్ల మీద తీశారనీ, మిగతాది స్టూడియోలో తీశారనీ మరచిపోకండి. స్టూడియోలో వెన్నెల పుట్టించడం ఒక ఎత్తు, దాన్ని బయట నీటితో అతుకు తెలియకుండా కలపడం ఇంకో ఎత్తు. అలాగే కళా దర్శకులు గోఖలే, కళాధర్‌లనూ తలచుకోవాలి. ద్వారకా నగరాన్ని 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో 300 బొమ్మ ఇళ్లతో కట్టి, వాటిలో దీపాలు వెలిగించారు. వెలుగు పడటానికి తగిన గోడ లేకపోతే ఏ కెమెరామనైనా ఏం చేస్తారు?

పాత నెగెటివ్:

నిజమే, ఆ మాట నేను చెప్పవలసింది. బయటి నీటి గురించి అమ్మాయికి పనికివచ్చేది కూడా ఉంది. ఆ కాలంలో రాత్రిని పగలే తీయడం మామూలు. సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టి, అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) రెండు స్టాపులు తగ్గిస్తే, అంటే వెలుగును నాలుగో వంతుకు తెస్తే, నీటి మీది ఎండ తళుకే వెన్నెల తళుకవుతుంది. ఆకాశం మాత్రం బొమ్మలోకి రానివ్వకూడదు. రావలసి వస్తే లెన్సుకు ఎర్ర ఫిల్టరు పెట్టి నీలాన్ని నలుపు చేసేవారు, కానీ దానితో పెదవులు తెల్లబోతాయి, మేకప్ మార్చాలి. మీరు సాయంత్రం నాలుగున్నరకు వెళ్లి చూడండి.

కాలువగట్టు:

మాస్టారూ, లైట్ల బాబాయి గారూ, అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం వెళ్లాం. ఎండకు ఎదురుగా రెండు స్టాపులు తగ్గించి తీశాను, రంగు తీసేశాను. నీళ్లు మెరిశాయి! దగ్గరి షాట్లు రాత్రి మా మేడ మీద తీశాం. వెనక నీళ్ల ట్యాంకు మీద ఒక లైటు, ముందు అమ్మమ్మ తెల్ల చీర, కింద ఇత్తడి పళ్లెంలో పగిలిన అద్దం. అన్నయ్య వేలితో కదిపాడు. నాలుగు ఫొటోలు పెడుతున్నాను. అమ్మమ్మ నాలుగోది చూసి ఫోను తన దగ్గరే ఉంచుకుంది.

పాత నెగెటివ్:

నాలుగోది మళ్లీ మళ్లీ చూశాను తల్లీ. చెవి పక్కన ఆ గీత సరిగ్గా పడింది. చీరను ముఖానికి ఇంకో రెండడుగులు దూరంగా జరపండి, కుడి చెక్కిలి మీద వెలుగు ఇంకా ఎక్కువగా ఉంది. ఆ పిల్ల ముక్కు నీడ పెదవి దాకా రానివ్వకండి. మళ్లీ తీసి పంపండి, నేను మేలుకునే ఉంటాను.