‘ఆశించే జీతం’ సరైన మాటేనా?

ప్రశ్న: తెలుగులో ఉద్యోగ దరఖాస్తు నమూనా ఒకటి తయారవుతోంది. ‘ఎక్స్‌పెక్టెడ్ శాలరీ’ అన్న గడికి ‘ఆశించే జీతం’ అని పెట్టాం. ఎందుకో ఎబ్బెట్టుగా ఉంది. దీని పక్కనే ‘ప్రస్తుత జీతం’ గడి కూడా ఉంది. వేరే మాట ఏదైనా ఉందా? ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న నోటితో అడిగితే జవాబు ఎలా చెప్పాలి?

జవాబు: ఎబ్బెట్టంతా క్రియలోనే ఉంది. ఆశించేవాడి చూపు ఇచ్చేవాడి చేతిమీద ఉంటుంది. రాతలో ‘కోరే జీతం’ అనండి. మాటల్లోనైతే మనం జీతాన్ని ఆశించం, కోరం, మాట్లాడుకుంటాం. ‘ఎంతకి మాట్లాడుకున్నారు?’, ‘జీతం కుదిరిందా?’ అనే కదా అడుగుతాం! ‘మాట్లాడుకొను’ చివరనున్న ఆ ‘కొను’లో ఇచ్చేవాడూ అడిగేవాడూ ఇద్దరూ ఉన్నారు. ఎంత చక్కటి పలుకుబడో చూడండి. ‘నెగోషియబుల్’ అన్నచోట కూడా ‘చర్చనీయం’ వద్దు, అదేదో అభ్యంతరమున్న సంగతిలా వినిపిస్తుంది. ‘మాట్లాడుకోవచ్చు’ అంటే సరిపోతుంది.

జవాబు: క్రియ సంగతి సరే, అసలు చిక్కు ‘జీతం’ అన్న మాటతోనే. చెప్పేవాడి మనసులో చేతికొచ్చే జీతం ఉంటుంది, వినేవాడు మొత్తం ప్యాకేజీ అనుకుంటాడు. ప్యాకేజీ 100 అనుకోండి. అందులో పనితీరును బట్టి ఇచ్చేది 10, సంస్థ తన వాటాగా భవిష్యనిధికీ బీమాకీ కట్టేది 8. మిగతా 82 స్థిర జీతం. అందులోంచి పన్నూ ఉద్యోగి వాటా కోతలూ కలిపి 14 పోతే చేతికొచ్చేది 68. ఇప్పుడు ఇంకోచోట 110 ఇస్తామన్నారు, కానీ పనితీరు భాగం 25, సంస్థ వాటా 9. అంటే స్థిర జీతం 76. ప్యాకేజీ 10 శాతం పెరిగింది, నెలనెలా నమ్ముకునే స్థిర జీతం మాత్రం 82 నుంచి 76కి పడిపోయింది. అందుకే ‘జీతం’ అని ఒంటరిగా రాయకూడదు. ముందు ‘స్థిర’, ‘నికర’ (కోతలు పోను చేతికొచ్చేది) లాంటి విశేషణం, వెనక ‘నెలకి’ లేదా ‘ఏడాదికి’ ఉండి తీరాలి.

జవాబు: నోటితో చెప్పేటప్పుడు చిన్న చిన్న అక్షరాలే దెబ్బతీస్తాయి. ‘ఓ ఇరవై అయితే బాగుంటుందండీ’ అన్న వాక్యం చూడండి. ‘ఓ’ అంకెను ఉజ్జాయింపు చేసేసింది. ‘అయితే’ దాన్ని షరతు చేసింది. ‘బాగుంటుంది’ కోరికగా మార్చింది. ఇక మిగిలిన ఇరవైకి బలమేముంది? ‘స్థిర జీతం ఏడాదికి ఇరవై లక్షలు కోరుతున్నాను’ అని చెప్పి ఆగాలి. అవతలివాళ్లు మాట్లాడేదాకా ఆగడం ముఖ్యం. ఆ మౌనానికి కంగారుపడి ‘పద్దెనిమిదైనా పర్లేదు’ అంటే, అడగకుండానే రెండు లక్షలు తగ్గించుకున్నట్టు.

‘18 నుంచి 22’ అని అవధి చెబితే అవతలి చెవికి ఎక్కేది 18. కాబట్టి కింది అంకెగా నిజంగా ఒప్పుకోగలిగినదే చెప్పాలి, లేదా ‘ఇరవైకి తగ్గకుండా’ అనాలి. ‘ఇరవైకి చేస్తాను’, ‘ఇరవైకే చేస్తాను’ మధ్య తేడా ఒక్క ఏకారమే, కానీ రెండోది చవగ్గా దొరుకుతున్నానని చెప్పినట్టు.

జవాబు: ‘కోరుతున్నాను’ మరీ అర్జీలా ఉంది. ‘నేను ఇరవై అనుకుంటున్నాను’ అంటే నప్పుతుంది, మాట్లాడుకోవడానికి చోటూ ఉంటుంది.

జవాబు: చోటు ఉంటుంది కాబట్టే మొదటి మాటగా వద్దంటాను. అవతలినుంచి అంకె వచ్చాక ‘నేను ఇంకొంచెం ఎక్కువ అనుకున్నాను’ అనడానికి అది బాగా పనికొస్తుంది.

జవాబు: మాట పుట్టుక గురించి ఒక ముక్క. ‘జీతం’ సంస్కృత ‘జీవితం’ నుంచి వచ్చిన వికృతి. ‘వేతనాదిభ్యో జీవతి’ అని పాణిని సూత్రం ఉంది, వేతనంతో బతికేవాడు వైతనికుడు అని దాని ప్రకారమే. రెండు మాటలూ బతుకుదెరువుకే చేరాయి. వాడుకలో మాత్రం దారులు వేరు: జీతం ‘పడుతుంది’, జీతంలో ‘కోత’ పడుతుంది. మూలవేతనం, కనీస వేతనం, గౌరవ వేతనం లాంటి సమాసాల్లో జీతం ఇమడదు.

ప్రశ్న: తోటి ఉద్యోగిని జీతం అడగాలంటే? ‘నీ జీతమెంత?’ అంటే మొహం మీద అడిగినట్టుంది.

జవాబు: మనిషిని వదిలి పనిని పట్టుకోండి. ‘ఈ హోదాకి ఇక్కడ ఎంత నుంచి ఎంత దాకా ఇస్తున్నారు?’ అంటే చెప్పడం తేలిక, పై అధికారినైనా ఇలాగే అడగొచ్చు. జీతం పెంచమన్నప్పుడూ అంతే. ‘ఫలానావాళ్లకి ఎక్కువిస్తున్నారు’ అంటే మాట ఆ మనిషి మీదికి మళ్లుతుంది, మీ పని పక్కకి పోతుంది. ఏడాదిలో కొత్తగా మీదపడిన బాధ్యతలు చెప్పి, ఆ వెంటనే అంకె చెప్పండి.

‘ప్రస్తుత జీతం’ గడి గురించి కూడా ఆలోచించండి. పాత జీతం తక్కువైతే కొత్తదీ దాన్ని పట్టుకునే కుదురుతుంది, ఆ లోటు ఉద్యోగం మారినా వెంట వస్తుంది. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన వేతన పారదర్శకత నిర్దేశం అభ్యర్థిని పాత జీతం అడగొద్దంది. ఇచ్చే జీతం ఎంతో, లేదా ఎంత నుంచి ఎంత దాకానో అభ్యర్థికి ముందే తెలపాలంది.

ప్రశ్న అడిగినవారు: గడి పేరు ‘కోరే స్థిర జీతం, ఏడాదికి’ అని మార్చాం. ‘ప్రస్తుత జీతం’ తీసేసి, ఆ చోట ‘ఈ ఉద్యోగానికి ఇచ్చే స్థిర జీతం: ... నుంచి ... దాకా’ అని మేమే నింపేలా పెట్టాం.